బెత్తం ముట్టని పాఠం

1959 ఫిబ్రవరి 16, సోమవారం, ఉదయం ఎనిమిదిన్నర. బయట సున్నాకు పదకొండు డిగ్రీల దిగువన చలి; గాలి లేదు; రాత్రంతా కురిసిన మంచు అరగంట క్రితమే ఆగింది. రీడ్‌బాఖ్ బడిలో చివరి తరగతి గదిని వెచ్చబెట్టడానికి పెంకుల పొయ్యి ఒక్కటే ఉండడం వల్ల ముందు బెంచీల వారికి చెమట పట్టేది, వెనక బెంచీల వారు కోటు విప్పేవారు కారు. వెనక బెంచీ కొసన గెర్లిండె ఆషావర్ కోటుతోనే కూర్చుని ఉంది.

ఆమెకు ఇరవై అయిదేళ్ళు. విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు చదివి, పాత ఉపాధ్యాయుడు డాంబెక్ దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చింది. గురువారం ఆమె పరీక్ష పాఠం. జిల్లా తనిఖీ అధికారి వచ్చి ఇదే వెనక బెంచీలో కూర్చుంటాడు. ఆ పాఠం నెగ్గితే ఉద్యోగం. నెగ్గకపోతే ఇంతకాలం చదివిన చదువు ఇంట్లో కూర్చుంటుంది. పాఠం విషయం డాంబెక్ నిర్ణయించాడు: ఇంగ్లీషులో తప్పనిసరి అని చెప్పడం, కూడదని చెప్పడం. బెత్తం ముట్టకుండా నెగ్గాలన్న షరతు మాత్రం గెర్లిండె తనకు తాను పెట్టుకున్నది. ఆ సంగతి ఆమె డాంబెక్‌కు మొదటి రోజే చెప్పింది. అతను నవ్వలేదు, కోప్పడలేదు. కిటికీలోంచి వాతావరణం చూసినట్టు ఆమెను చూశాడు.

“లే, ఇగ్నాజ్. ఆదివారం మనం బడికి రానక్కర్లేదు. ఇంగ్లీషులో చెప్పు,” అన్నాడు డాంబెక్.

ఇగ్నాజ్ ప్లెటిన్ లేచాడు. పదిహేనేళ్ళవాడు, వయసుకు మించిన ఎత్తు, ఆ ఎత్తును దాచుకోవాలని ఎప్పుడూ భుజాలు ముందుకు వంచేవాడు. వాళ్ళ జర్మన్ భాషలో ‘ముస్’ అన్న మాటకు ‘కాదు’ చేర్చితే అక్కర్లేదని అర్థం. ఇంగ్లీషులో దాని తోబుట్టువులా కనిపించే ‘మస్ట్’కు అదే చేర్చితే నిషేధం. ప్రతి ఏడూ ప్రతి తరగతీ జారిపడే మెట్టు అది. ఇగ్నాజ్ కూడా జారాడు. ఆదివారం బడికి రావడం నిషిద్ధం అని చెప్పి నిలబడ్డాడు.

“అలాగా. వస్తే పోలీసులు పట్టుకుపోతారేం?” అన్నాడు డాంబెక్. ఎవరో నవ్వబోయి దగ్గుగా మార్చుకున్నారు. “ఎవరికి తెలుసు సరైన జవాబు?”

ఒక్క చెయ్యీ లేవలేదు. మంచు పట్టిన కిటికీ అద్దం చిటపటమంది.

“వెండెలిన్. నీకు తెలుసు.”

వెండెలిన్ కాగెరర్ పొట్టివాడు, బలిసిన మణికట్లవాడు. తండ్రి గాజు కొలిమిలో కరిగిన గాజును గొట్టంతో ఊదేవాడు. వీడికీ ఆ ఛాతీ, ఆ చేతులే వచ్చాయి. ఇంగ్లీషు మాత్రం సరిహద్దు రోడ్డు మీద జీపుల్లో తిరిగే అమెరికన్ సైనికుల దగ్గర నేర్చుకున్నాడు. లేచి, బెంచీ వంక చూస్తూ, సరైన వాక్యం చెప్పాడు.

“తీసుకురా మరి.”

ఆ తరగతి ఆచారం అది. తప్పు చెప్పినవాడికి దెబ్బలు. సరిగ్గా చెప్పినవాడు బీరువాలోంచి హేజెల్ కర్ర బెత్తం తెచ్చి మాస్టారి చేతికివ్వాలి. వెండెలిన్ తెచ్చాడు. ఇగ్నాజ్ చెయ్యి చాపాడు. డాంబెక్ ముందుగా ఆ చేతి వేళ్ళను తన వేళ్ళతో సాపు చేశాడు, దర్జీ గుడ్డను సర్దినట్టు. మొదటి దెబ్బకు అరచేతిలో తెల్లని గీత పడి, చూస్తూండగానే ఎర్రబడింది. రెండోది దాని మీదే పడింది. మూడోదానికి ఇగ్నాజ్ చెయ్యి తనంతట తాను వెనక్కి పోయింది. లాక్కున్న దెబ్బ లెక్కలోకి రాదు గనక అది మళ్ళీ కొట్టాడు, ఈసారి వేళ్ళ వెనకవైపు నుంచి, కణుపుల మీద. కర్ర మీద కర్ర పడినట్టు చప్పుడైంది. ఇగ్నాజ్ ఆ చెయ్యి చంకలో దూర్చుకున్నాడు. తరవాత ఆచారం ప్రకారం ఇంగ్లీషులో కృతజ్ఞతలు చెప్పి కూర్చున్నాడు. ఆ వాక్యంలో తప్పు లేదు.

విరామంలో ఉపాధ్యాయుల గదిలో డాంబెక్ ఆపిల్ తొక్క తీస్తున్నాడు. తొక్క తెగకుండా ఒకే చుట్టగా దిగుతోంది.

“ఆ అబ్బాయి వేలు విరగ్గొట్టారు మీరు,” అంది గెర్లిండె.

“విరగలేదమ్మా, వాచింది. విరిగితే చప్పుడు వేరు.”

“వాళ్ళమ్మా నాన్నా అడిగితే?”

“వాళ్ళ నాన్నకూ నేనే చెప్పాను చదువు. ఇంటికెళ్ళి చెబితే వాడికి ఇంకో రెండు పడతాయి.” ఆపిల్‌ను నాలుగు చెక్కలు చేసి ఒకటి ఆమె ముందుకు జరిపాడు. “తీసుకో. నువ్వు చెడ్డపిల్లవని నేననను. కానీ ఇక్కడి పిల్లలు పదహారో ఏట కొలిమి ముందు నిలబడతారు. అక్కడ చెయ్యకూడని పని చేస్తే ఒళ్ళు కాలుతుంది. కూడదంటే ఏమిటో వాళ్ళకి చర్మంతో తెలియాలి. నువ్వు బొమ్మలు చూపించి చెబుతావు.”

“చూపిస్తాను. గురువారం బెత్తం బీరువాలోనే ఉంటుంది.”

“ఉండనీ. ఆ గంటలో నేను ముట్టను, మాట. కానీ వేసవి దాకా తరగతి నాది. నీ పాఠంలో ఎవడెవడు తప్పు చెప్పాడో నేను చూస్తూ ఉంటాను. శుక్రవారం పొద్దున వాళ్ళకి చెల్లిస్తాను.”

గెర్లిండె ఆపిల్ ముక్క తీసుకోలేదు. అది పళ్ళెంలో గోధుమరంగుకు తిరుగుతూ ఉండిపోయింది.

మంగళవారం ఆమె మొదటిసారి ఆ తరగతికి ఒంటరిగా పాఠం చెప్పింది. దళసరి అట్టల మీద తానే బొమ్మలు గీసి తెచ్చింది: కొలిమి దగ్గర తడి చేతులు, గడ్డి కొట్టంలో పైపు తాగే మనిషి, గుర్రానికి దారివ్వని బండి. ఒక్కో బొమ్మ ఎత్తి, ఇక్కడ ఏం చెయ్యాలి, ఏం చెయ్యకూడదు, ఏది చెయ్యకపోయినా ఫరవాలేదు అని అడిగింది.

జవాబు లేదు. ముప్పైమంది పిల్లలు ఆమె అట్ట వంక మర్యాదగా చూశారు. పేరు పెట్టి పిలిస్తే లేచి నిలబడ్డారు, నిలబడి ఊరుకున్నారు. బొమ్మ అర్థం కాలేదేమోనని ఆమె ఇంకొకటి ఎత్తింది. గంట కొట్టేసరికి చేతులకు అట్టల బరువు తెలిసింది.

ఆ వెంటనే డాంబెక్ లెక్కల గంట. తలుపు మూసుకునే లోపు ఆమె నడవాలోంచి చూసింది: డాంబెక్ ముందు బెంచీ పిల్లవాణ్ణి చెవి పట్టి లేపి, నల్లబల్ల మీది అంకె దాకా నడిపించి, ఆ అంకెకేసి నుదురు కొట్టాడు. కసిగా కాదు, ముద్ర వేసినట్టు. బల్ల అదిరి సుద్ద రాలింది.

మధ్యాహ్నం వెండెలిన్ పెరట్లో మంచు ఎత్తిపోస్తున్నాడు. ఆ వారం అతని వంతు. గెర్లిండె శాలువా కప్పుకుని మెట్లు దిగింది.

“నీకు అన్నీ తెలుసు. ఎందుకు చెప్పలేదు?”

పార ఆపకుండానే అన్నాడు: “చెబితే బెత్తం తేవాలి గదండీ.”

“నా గంటలో బెత్తం లేదని చెప్పానుగా.”

“మీ గంటలో లేదు. శుక్రవారం ఉంటది గదా, పంతులమ్మగారూ. మాస్టారు మాకు చెప్పేశారు. నేను సరిగ్గా చెప్పాననుకోండి, నా పక్కవాడు తప్పు చెప్పాడని తేలిపోద్ది. ఎవడూ నోరు విప్పకపోతే ఎవడూ తప్పు చెప్పినట్టు కాదు. అందరం అనుకున్నాం.”

“అందరూ నోరు మూసుకుంటే నేను ఓడిపోతాను వెండెలిన్. నేను వెళ్ళిపోతే మీకు మిగిలేది ఆయనే.”

వెండెలిన్ పార మంచులో గుచ్చి దాని మీద గడ్డం ఆనించాడు. ఈ లెక్క అతనికి తట్టినట్టు లేదు. “నిజమే. మీరుంటే వచ్చే ఏడు వచ్చే మా తమ్ముడికి బాగుంటది.”

“అయితే అందరూ మాట్లాడాలి, ఎవరూ తప్పు చెప్పకూడదు. రెండు రోజులుంది. నేను చెబితే నోరు తెరవరు. నీ మాట వింటారు. నువ్వు నేర్పు.”

“ఇగ్నాజ్‌కి కూడానా? వాడికి ఎక్కదండీ.”

“వాడికి కూడా.”

“ఎలాగైనానా?”

“ఎలాగైనా,” అంది గెర్లిండె. చలికి పళ్ళు కొట్టుకుంటున్నాయి. ఆ మాట ఆమె తొందరగా అనేసి లోపలికి వెళ్ళిపోయింది. మెట్ల మీద ఆమెకు తేలిక అనిపించింది. పిల్లలను పిల్లలచేత నేర్పించడం మంచి పద్ధతని తాను చదువుకున్నది ఇదే కదా అని కూడా అనుకుంది.

బుధవారం తరగతి మారిపోయింది. అట్ట ఎత్తీ ఎత్తకముందే చేతులు లేచాయి. తడి చేతులతో గొట్టం పట్టకూడదు. గడ్డి కొట్టంలో పైపు వెలిగించకూడదు. గుర్రానికి దారివ్వాలి. చర్చి నియమం ప్రకారం శుక్రవారం మాంసం తినకూడదు. చేప తిననక్కర్లేదు గాని తినవచ్చు. ఈ చివరి వాక్యం ఒక ముందు బెంచీవాడు సొంతంగా కట్టాడు. గెర్లిండె నవ్వి మెచ్చుకుంది. వాడు నవ్వలేదు, తల వెనక్కి తిప్పి ఎవరినో చూసి కూర్చున్నాడు.

ఇగ్నాజ్ రెండుసార్లు సరిగ్గా చెప్పాడు. కూర్చునేటప్పుడు బెంచీని చేత్తో పట్టుకుని, నెమ్మదిగా, ముసలివాళ్ళు కూర్చున్నట్టు దిగాడు. సోమవారపు చెయ్యి ఇంకా నొప్పిగా ఉందని ఆమె అనుకుంది. మరో కుర్రాడి కింది పెదవి చిట్లి ఉంది. మంచు మీద జారుడాటలో పడ్డాడట, అడగకుండానే చెప్పాడు.

గురువారం పదింటికి తనిఖీ అధికారి లాంప్రెక్ట్ వచ్చాడు. లావుపాటి మనిషి, మంచులో నడిచి వచ్చిన ఆయాసం ఇంకా తగ్గలేదు. వెనక బెంచీలో డాంబెక్ పక్కన ఇరుక్కుని కూర్చుని, బీరువా వంక చూసి, “తాళం వేసి ఉందే,” అన్నాడు.

“ఆమె కోరిక,” అన్నాడు డాంబెక్.

గెర్లిండె మొదటి అట్ట ఎత్తింది. ఆ తరవాత జరిగినదాన్ని ఆ జిల్లాలో చాలాకాలం చెప్పుకున్నారు. జవాబులు గాజుపని వాళ్ళ చేతుల్లో గోళాలు మారినట్టు ఒకరి నుంచి ఒకరికి మారాయి. ఒక్కటీ కింద పడలేదు. ఆమె పాఠం మధ్యలో అట్టలు పక్కన పెట్టి, ముందు అనుకోని ప్రశ్నలు వేసింది. వాటికీ జవాబులు వచ్చాయి. ఇగ్నాజ్‌ను ఆదివారం సంగతే అడిగింది. అడగడం సాహసమని ఆమెకు తెలుసు.

ఇగ్నాజ్ లేచాడు.  అతను ఆమె వైపు చూడలేదు, డాంబెక్ వైపూ చూడలేదు. కిటికీ పక్క వరుసలో వెండెలిన్ బెంచీ మీద పెట్టిన పిడికిలి వైపు చూశాడు. ఆ పిడికిలి కణుపుల మీద చర్మం లేచిపోయి ఉంది. అప్పుడు ఇగ్నాజ్ పొరపాటు లేకుండా, ఒక్కో మాటా విడివిడిగా, ఆదివారం బడికి రానక్కర్లేదని చెప్పాడు.

“భేష్,” అన్నాడు లాంప్రెక్ట్ పైకే. పాఠం మధ్యలో అధికారి మాట్లాడకూడదు, అయినా మాట్లాడాడు.

గంట కొట్టాక ఆయన గెర్లిండె చెయ్యి రెండు చేతులా పట్టుకుని ఊపాడు. “ఆషావర్ గారూ, ఒక్క దెబ్బ లేకుండా, ఒక్క అరుపు లేకుండా ముప్పైమంది. చాలా బడులు తిరిగాను, ఇంత బాగా ఎక్కడా చూడలేదు. మీ పాఠం నేను జిల్లా పత్రికలో అచ్చువేయిస్తాను.” డాంబెక్ తల వంచి ఒప్పుకున్నాడు. “తప్పు చెప్పినవాడు లేడు. శుక్రవారం నాకు పని లేదు,” అన్నాడు. ఇద్దరూ కాఫీకి వెళ్ళారు.

పిల్లలు పెరట్లోకి పోయారు. ఇగ్నాజ్ ఆ వారం నల్లబల్ల తుడిచేవాడు గనక ఉండిపోయాడు. తడిగుడ్డ పైకెత్తి బల్ల పై అంచు తుడుస్తుంటే చొక్కా చెయ్యి మోచేతి దాకా జారింది. ముంజేతి నిండా మచ్చలు: కొన్ని నల్లనివి, కొన్ని ఊదా, ఒకదాని మీద బెల్టు కొక్కెం ముద్ర నాలుగు మూలలతో స్పష్టంగా పడి ఉంది.

“ఇవేమిటి?”

ఇగ్నాజ్ చొక్కా లాక్కున్నాడు. “ఏం లేదండి. నేర్చుకున్నాం.”

“ఎక్కడ?”

“గాజు సరుకు కట్టే కొట్టంలోనండి, గడ్డి మీద. పెద్దవాళ్ళు కొలిమి దగ్గరికి పోయాక. వెండెలిన్ అందర్నీ వరసగా కూచోబెట్టాడు. తలుపు దగ్గర వాళ్ళ అన్న నిలబడ్డాడు.” గుడ్డ పిండుతూ, సామాన్య సంగతి చెబుతున్నట్టే చెప్పాడు. “తప్పు చెబితే మొదటిసారి చేత్తో. రెండోసారి బెల్టు. నాకు బెల్టు ఎక్కువ పడింది. గడ్డిలో పొర్లించి వీపు మీద ఎక్కి కూచున్నాడు, అలాగే చెప్పించాడు. ఊపిరి ఆడకపోయినా చెప్పాలి, ఆఫీసరు ముందు కూడా ఊపిరి ఆడదు గదా అన్నాడు. కానీండి, మాస్టారి దగ్గర మూడేళ్ళకి రానిది రెండు రాత్రుల్లో వచ్చింది పంతులమ్మగారూ. వాడు బాగా నేర్పుతాడు.”

గెర్లిండె వెండెలిన్‌ను పెరట్లో పట్టుకుంది. అతను గోడకానుకుని రొట్టె తింటున్నాడు. పంది కొవ్వు రాసిన నల్లరొట్టె. సగం విరిచి పెదవి చిట్లిన కుర్రాడికి ఇస్తున్నాడు.

“కొట్టి నేర్పమని నేను చెప్పానా?”

వెండెలిన్ రొట్టె నమలడం ఆపాడు. అతని ముఖంలో తప్పు చేసిన బెదురు లేదు; శ్రమపడి చేసిన పని మెప్పు పొందలేదన్న నొప్పి ఉంది.

“మీరు ఎలాగైనా అన్నారు గదండీ. మామూలుగా చెప్పి చూశాను. నవ్వారు. టైము లేదు. మీరేమో కొట్టరు. మాస్టారు కొట్టేది శుక్రవారం, అప్పటికి మీరు ఓడి పోతారు. ఎవరో ఒకరు కొట్టాలి గదా.” తరవాత గొంతు తగ్గించి, “నాకేం సరదానా? ఇగ్నాజ్ గాడు నా పక్కింటోడు. వాడు ఏడుస్తుంటే నాకూ ఏడుపొచ్చింది,” అన్నాడు.

పెదవి చిట్లిన కుర్రాడు తలూపాడు. “నిజమేనండి. ఏడుస్తానే కొట్టాడు.”

గెర్లిండె మెట్లెక్కి ఉపాధ్యాయుల గది తలుపు దగ్గర ఆగింది. లోపల కప్పులు కదులుతున్నాయి. ఇప్పుడు నోరు విప్పితే పాఠం నిలవదని, ఉద్యోగం నిలవదని, విప్పకపోతే ఆ చేతి మీది ముద్ర తన సొంతమవుతుందని ఆమెకు సందేహం లేకుండా తెలుసు. ఆమె తలుపు తోసి, కూర్చోకుండానే, మంగళవారం తాను అన్న మాటతో మొదలుపెట్టి, కొట్టం, బెల్టు, వీపు మీద కూర్చోవడం, అన్నీ జరిగిన వరసలో చెప్పింది. ఏదీ తగ్గించలేదు. తన పాఠం కొట్టివేయమని కోరింది.

లాంప్రెక్ట్ కప్పు సాసరులో పెట్టాడు. 

“బడిలో జరిగిందా?”

“లేదు. కొట్టంలో.”

“మీరు కొట్టారా?”

“నేను కొట్టించాను.”

“మీరు నేర్పమన్నారు. కొట్టమనలేదు. కుర్రాళ్ళు కొట్టంలో కొట్టుకుంటే అది వాళ్ళ తండ్రులు చూసుకోవాలి, జిల్లా కార్యాలయం కాదు.” ఆయన స్వరంలో దయ ఉంది. “మీది సున్నితమైన మనసు. దానికీ మార్కులున్నాయి. నేను చూసిన గంటలో దెబ్బ లేదు. నేను చూసిందే నేను రాస్తాను.”

 డాంబెక్ ఆమె వంక ఎగతాళిగా చూస్తాడని ఆమె సిద్ధపడింది. అతని ముఖంలో ఎగతాళి లేదు, విజయం కూడా లేదు. మరచిపోయిన పేరు గుర్తొచ్చిన మనిషిలా ఉన్నాడు.

“కాగెరర్ కొడుకా?” అన్నాడు. “రెండు రాత్రుల్లో ఇగ్నాజ్‌కి ఎక్కించాడా?” లేచి కోటు తగిలించుకున్నాడు. “ఇన్నేళ్ళూ వాడిచేత బెత్తం మోయించానే గాని, వాడి చేతికి ఇవ్వాలని నాకు తోచలేదు.”

శుక్రవారం డాంబెక్ మాట నిలుపుకున్నాడు, ఎవరినీ కొట్టలేదు. హాజరు పిలిచాక వెండెలిన్‌ను ముందుకు పిలిచి, ఆ రోజు నుంచి వెనకబడినవాళ్ళకు సాయంత్రాలు అతనే పాఠం చెబుతాడని ప్రకటించాడు.  వెండెలిన్ మెడ ఎర్రబడింది. భుజాలు మాత్రం వెడల్పయ్యాయి. వెనక బెంచీలోంచి గెర్లిండె లేచి అది కూడదన్నది, ఉన్న గొంతంతా పెట్టి అన్నది. డాంబెక్ ఆమె ముగించే దాకా మర్యాదగా ఆగి, అప్పుడు బీరువా తాళం తీసి, బెత్తం వెండెలిన్ చేతికిచ్చాడు.

ఆ వేసవిలో డాంబెక్ సిఫారసు మీద గాజు కర్మాగారం వెండెలిన్ కాగెరర్‌ను చేర్చుకుంది. ముప్పయ్యో ఏట అతను అక్కడ పని నేర్చుకునే కుర్రాళ్ళందరికీ పెద్ద అయ్యాడు. పరీక్షల్లో అతని కుర్రాళ్ళు వరసగా చాలా ఏళ్ళు జిల్లాలో మొదటివాళ్ళుగా నిలిచారు. 1979 నవంబరులో వాళ్ళలో ఒకడికి, పదహారేళ్ళవాడికి, వెండెలిన్ చేతి దెబ్బకు ఎడమ చెవి వినపడడం శాశ్వతంగా పోయింది.